వాన నీరా? వరద నీరా?

వారంటీ అన్న మాటకు తెలుగు చెప్పమంటే మా బి.ఏ. పిల్లలు హామీ అంటారు. నన్నడిగితే పూచీ అంటాను. హామీ యివ్వడానికి నోరుంటే చాలు. పూచీ పడ్డవాణ్ణి మాత్రం రేపు నలుగురిలో నిలబెట్టి అడగవచ్చు. అయితే మోటారు కంపెనీలవారు పడే పూచీకి ఒక తేదీ వుంటుంది. ఆ తేదీలోగా మనం అడగవలసింది అడిగి వుండాలి. అడగడమంటే నోటితో కాదు, కాగితం మీద. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. పాత బండి కొన్నవారికి మరీ తెలియదు.

మా తాతగారు ఎద్దులు కొనడానికి సంతకు వెళితే పళ్ళు లెక్కపెట్టేవారట, సుళ్ళు చూసేవారట, నాలుగడుగులు నడిపించి డెక్క ఎలా పడుతున్నదో పరకాయించేవారట. ఆ పైన తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం. పలుపు చేతికి వచ్చాక ఎద్దు కుంటిదైనా పొగరుబోతుదైనా కొన్నవాడి ఖర్మ. మోటారు బండి విషయంలో మనం కొంత అదృష్టవంతులం. రెండేళ్ళో మూడేళ్ళో వాడిన బండి కొంటే, దానితో పాటు తయారుచేసిన కంపెనీవారి పూచీలో మిగిలిన ముక్క కూడా మన యింటికి వస్తుంది. ఆ ముక్కను చివరిదాకా వాడుకునేవారే తక్కువ.

మేము రాజమహేంద్రవరంలో వుంటాము. 2025లో దసరా వెళ్ళిన వారానికి ఒక పాత ఎస్‌.యు.వి. కొన్నాము. డీజిలుది, ఏడుగురు కూర్చోవచ్చు, పైకప్పులో తెరుచుకునే అద్దపు కిటికీ, అంటే సన్‌రూఫ్, వున్నది. మా అమ్మ దాన్ని జీపు అంటుంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. చిన్న కార్లో కూర్చోబెడితే మళ్ళీ లేవదీయడానికి యిద్దరు కావాలి. అందుకే యీ ఎత్తు బండి. నేనూ మా ఆవిడా ఏళ్ళ తరబడి కూడబెట్టిన దానిలో పెద్ద భాగం దాని కిందే పోయింది గనుక దాని దగ్గులూ తుమ్ములూ నాకు పట్టాయంటే ఆశ్చర్యం లేదు.

మొదట తేదీల లెక్క. మొదటి యజమానికి డీలరు బండి అప్పగించినది 2022 డిసెంబరు 14న. కంపెనీ పూచీ మూడేళ్ళు, లేదా లక్ష కిలోమీటర్లు. ఏది ముందైతే అది. మనం కొన్న రోజు నుంచి కాదు, మన పేరుకు ఆర్‌.సి. మారిన రోజు నుంచీ కాదు, మొట్టమొదట అమ్మిన రోజు నుంచి లెక్క. మీటరు మీద 46 వేలే వున్నాయి. ఆ వైపు ఢోకా లేదు. రోజులకే వచ్చింది తంటా. డిసెంబరు 13 దాకా రెండు నెలల చిల్లర మిగిలింది. ఫారం 29, ఫారం 30 పూర్తిచేసి ఆర్‌.సి. మార్పుకు పెట్టడమూ, 14 రోజుల్లోగా బీమా కంపెనీకి తెలియజేయడమూ ముందే చేశాము. అవి చెయ్యనివాడు యింజను సంగతి తరువాత చూసుకోవచ్చు.

కంపెనీవారిచ్చిన వారంటీ పుస్తకాన్ని ఒక రాత్రి భోజనాలయ్యాక ప్రబంధం చదివినంత శ్రద్ధగా చదివాను. మా ఆవిడ నవ్వింది గాని, ఆ పుస్తకంలో అసలు రసమంతా ఏవేవి వర్తించవో చెప్పే పేజీలోనే వున్నది. క్లచ్చి ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, వైపరు రబ్బర్లు, బల్బులు వగైరా అరిగేవీ మాడేవీ వాళ్ళ పూచీలో లేవు. టైర్లకు టైర్ల కంపెనీ, బ్యాటరీకి బ్యాటరీ కంపెనీ వేరే పూచీ పడతాయి. ఢీకొన్నా, వరదలో మునిగినా, బయట ఎవరిచేతనో వైర్లు కోయించి అదనపు దీపాలు పెట్టించినా వాటివల్ల వచ్చే నష్టం మనదే. వరద అన్న ఆ మాట మీద నాకు ఆనాడు దృష్టి నిలవలేదు. తరువాత అదే మాట మీద పదిరోజులు నడిచింది.

బండిని నేరుగా కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకుపోలేదు. అక్కడికి వెళ్ళి "ఏమైనా వుంటే చూడండి బాబూ" అంటే కార్డు మీద జనరల్ చెకప్ అని రాసి, కడిగి, తుడిచి యిస్తారు. ఎక్కడ నొప్పో చెప్పని రోగికి వైద్యుడు మాత్రం ఏమి చేస్తాడు! కనుక ముందు మన నొప్పులు మనం తెలుసుకోవాలి. మా వీధి చివర షెడ్డులో ఒక మేస్త్రీ వున్నాడు. డీజిలు బళ్ళతోనే తల నెరిసినవాడు. తెల్లవారుజామున రమ్మని కబురు పెడితే వచ్చాడు. తెల్లవారుజామునే ఎందుకంటే, రాత్రంతా చల్లబడిన యింజనును స్టార్టు చేసినప్పుడు బయటపడే రోగాలు వేడెక్కాక దాక్కుంటాయి.

"మాస్టారూ, తాళం మీరు తిప్పండి. నేను వెనకాల నుంచుంటాను" అన్నాడు. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నట్టు. తెల్లగా, తియ్యటి వాసనతో, ఎంతసేపటికీ ఆగకుండా వస్తే రేడియేటరులోని నీటి మందు యింజనులోకి పోతున్నట్టు. నల్లగా గుప్పుమంటే డీజిలుకు తగిన గాలి అందనట్టు. మా బండికి ఆ మూడూ లేవు. ఖాళీ స్థలంలో స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి చుట్లు తిప్పించాడు. ముందు చక్రాల దగ్గర టిక్ టిక్ మంటే యిరుసు జాయింట్లు అరిగినట్టట. అదీ లేదు. కాని గతుకుల్లో మెల్లగా పోతూ స్టీరింగు తిప్పితే లోపల ఎక్కడో టక్కుమన్నది. గోనెపట్టా పరుచుకుని కిందకు దూరి చూస్తే ముందు ఎడమవైపు షాకబ్జార్బరు ఒళ్ళంతా ఆయిలు చెమ్మ, ఆ చెమ్మకు అంటిన దుమ్ము. కొత్త టార్చిలైటు పట్టుకుని నేనూ దూరాను. దూరినందుకు చొక్కా పాడైంది గాని, మరునాడు సర్వీసు సెంటరులో "నేను కళ్ళారా చూశాను" అనడానికి ఆ చొక్కా పనికివచ్చింది.

ఇక మా అమ్మాయి వంతు. అది ఇంజనీరింగు చదువుతున్నది. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టొకటి వుంటుంది. దానికి అగ్గిపెట్టెంత పరికరం తగిలిస్తే బండిలోని కంప్యూటరు తాను దాచుకున్న తప్పుల జాబితాను మన ఫోను మీద చూపుతుంది. ముందు అద్దం దగ్గర యింజను దీపం వెలగలేదని సంబరపడకూడదట. అమ్మేవాడు ఆ జాబితాను చెరిపివేస్తే దీపం ఆరిపోతుంది. కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ వెలుగుతుంది. అయితే చెరిపిన సంగతీ ఆ పరికరమే చెబుతుంది. జాబితా చెరిపితే కంప్యూటరు తన స్వయంపరీక్షలన్నీ మొదటినుంచి చేసుకోవాలి; అవి యింకా పూర్తికాలేదని చూపిస్తే ఈమధ్యనే ఎవరో పలక తుడిచారన్నమాట. మా బండిలో పలక తుడవలేదు. దాని మీద ఒక్క నంబరున్నది: పి 2463.

డీజిలు బండి పొగలోని మసిని పట్టి వుంచే జల్లెడ ఒకటి పొగగొట్టంలో వుంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక డీజిలు కార్లకు యిది తప్పనిసరి అయింది. మసి నిండినప్పుడు బండి తనంతట తాను ఆ జల్లెడను దాదాపు 600 డిగ్రీల వేడికి తెచ్చి మసిని కాల్చుకుంటుంది. అందుకు తెరిపి లేకుండా కాసేపు వేగంగా పోవాలి. ఊళ్ళో బజారుకూ బడికీ తిరిగే బండికి ఆ వేడి అందదు. మసి పేరుకుంటుంది. పి 2463 అంటే అదే. దీన్ని కంపెనీ నెత్తిన వెయ్యడం నాకు న్యాయంగా తోచలేదు. బండిని అన్నవరం తీసుకువెళ్ళాము. కొత్త బండికి పూజ చేయించాలన్న మా అమ్మ మొక్కూ తీరింది, జాతీయ రహదారి 16 మీద జల్లెడా కాలింది. తిరిగి వచ్చి చూస్తే మసి చూపే అంకె బాగా దిగింది. పనిలో పనిగా రత్నగిరి ఘాట్ రోడ్డు మీద క్లచ్చిని కూడా పరీక్షించాము. ఎగువకు పోతూ పై గేరులో యాక్సిలరేటరు తొక్కితే యింజను గోల పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చి జారుతున్నట్టు. జారలేదు. స్వామివారి ప్రసాదమూ బాగున్నది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా వూళ్ళోనూ రాత్రంతా గాలీ వానా. బండి వీధిలోనే వుంది. మాది కాస్త మెరక; నీళ్ళు నిలవలేదు. రెండు రోజుల తరువాత తలుపు తీస్తే ముక్కవాసన. ముందు ఎడమవైపు కాళ్ళ దగ్గర కార్పెట్టును నొక్కితే నీళ్ళు వూరాయి.

మా ఆవిడ ముఖం వాడిపోయింది. కారణమున్నది. ఒకప్పుడు నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పేవాళ్ళం. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 5 అంటే తూర్పు గోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే పెట్టాక ఆ వీలు పోయింది. నంబరు చెప్పకపోయినా ఆర్‌.సి. చెబుతుంది. మా బండి మొదటి యజమాని చిరునామా విజయవాడ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్ళలో వున్న సంగతి ఎవరూ మరచిపోలేదు. ఎన్నో బళ్ళు అందులో మునిగాయి. హైదరాబాదులో 2020 అక్టోబరులోనూ, చెన్నైలో 2015, 2023 డిసెంబరు నెలల్లోనూ యిదే జరిగింది. మునిగిన బళ్ళలో కొన్ని కడుక్కుని, ఎండబెట్టుకుని, అత్తరు పూసుకుని వేరే వూళ్ళకు అమ్మకానికి వెళతాయి. వైర్ల మొనల్లో దాక్కున్న తేమ ఏడాది తరువాత తన పని తాను చేస్తుంది.

కాని మేస్త్రీ మొదటినాడే ఆ పరీక్ష చేశాడు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూశాడు. చుట్టలోపల వుండే భాగాన్ని ఎవరూ కడగరు, అక్కడ ఒండ్రు గీత దొరుకుతుంది. సీట్ల కింది బోల్టులకు తుప్పు, స్పేరు చక్రం గుంటలో యిసుక, ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము, దీపాల అద్దాల లోపల నీటి గీత, అన్నీ వెతికాడు. ఏమీ లేవు. ఆ వివరాలన్నీ నేను ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకున్నాను. రాసుకోవడం మా వృత్తి.

సర్వీసు సెంటరులో వున్న కుర్రవాడు మర్యాదస్తుడే. ఆర్‌.సి. చూశాడు, కార్పెట్టు తడిమాడు, నిట్టూర్చాడు.

"ఇది ఫ్లడ్ కేసు సార్. విజయవాడ బండి. వారంటీ రాదు. ఇన్సూరెన్సుకు వెళ్ళండి" అని, కార్డు మీద వరద నీరు చేరినది అని ఇంగ్లీషులో రాసి, సంతకానికి నావైపు తిప్పాడు.

"కొంచెం ఆగండి బాబూ. వరద నీరు కిందనుంచి పైకి వస్తుంది. వాన నీరు పైనుంచి కిందకు వస్తుంది. మా బండిలోకి వచ్చింది ఏదో మీరింకా చూడలేదు గదా!"

"రెండూ నీళ్ళే కద సార్."

"రెండూ నీళ్ళే. కాని మీ పుస్తకంలో పూచీ లేనిది ఒకదానికే."

ఆ కార్డు మీద సంతకం పెట్టివుంటే పోయేది ఒక్క కార్పెట్టు కాదు. ఆ ఒక్క మాట ఛాసిస్ నంబరుతో పాటు కంపెనీ కంప్యూటర్లలోకి ఎక్కేది. రేపు స్టీరింగు మోటారు ఆగినా, వైర్లు చెడినా, ఏ వూరి సర్వీసు సెంటరుకు వెళ్ళినా, వరద బండి అని వెనక్కి పంపేవారు. తిరిగి అమ్మబోతే కొనేవాడూ అదే అనేవాడు. నేను సంతకం పెట్టలేదు. కార్డు మార్చమన్నాను. వర్షం పడినప్పుడు ముందు ఎడమవైపు కాళ్ళ దగ్గర పైనుంచి నీరు దిగుతున్నది, సన్‌రూఫ్ నీటి గొట్టాలు పరీక్షించాలి అని నా మాటల్లో రాయమన్నాను. మేనేజరును అడగాలన్నాడు. మేనేజరు సెలవులో వున్నాడు. తరువాత నేను క్లాసులో వున్నాను. ఇట్లా పదిరోజులు గడిచాయి. గడువు నెల రోజులకు దిగింది.

ఈ లోపల మా అమ్మాయి సలహా మీద బండి సర్వీసు చరిత్ర అంతా అచ్చు తీసి యిమ్మని కోరాను. ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ సర్వీసు సెంటరువారు తీయగలరు. అందులో ఒక పద్దు చూసి నాకు కొత్త ప్రాణం వచ్చింది. 2024 ఆగస్టు 30న యీ బండి హైదరాబాదులో సర్వీసుకు యివ్వబడింది. సెప్టెంబరు 4న తిరిగి తీసుకున్నారు. బుడమేరు పొంగిన రోజుల్లో యిది హైదరాబాదు షెడ్డులో వున్నది. కొడుకు దగ్గర వున్నదని అమ్మినాయన చెప్పింది నిజమే. మనుషుల మాట నమ్మడానికి కూడా ఒక్కోసారి జాబ్ కార్డు కావలసివస్తుంది.

ఆ కాగితం చూశాక మేనేజరు మెత్తబడ్డాడు. నీళ్ళు పోసి చూద్దామన్నాడు. సన్‌రూఫ్ అద్దం చుట్టూ నీరు అసలే చొరబడదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కొంత నీరు దిగుతుంది. దిగిన నీటిని పట్టడానికి చుట్టూ కాలవ వుంటుంది. కాలవ మూలల నుంచి సన్నటి గొట్టాలు స్తంభాల లోపలగా కిందకు వెళ్ళి నీటిని నేల మీద వదులుతాయి. మన పెంకుటిళ్ళ లోవాకిలి, తూము ఏర్పాటే. ఎండలో బండి నిలబెట్టి, ఒక్కొక్క మూల కాలవలో గ్లాసుతో నీళ్ళు పోశారు. మూడు మూలల నీళ్ళు చక్రాల పక్కన టపటపా రాలాయి. నాలుగోది, ముందు ఎడమవైపుది, రాలలేదు. రెండు నిమిషాలకు లోపల స్తంభం పక్కనుంచి సన్నటి ధార కార్పెట్టు మీదకు దిగింది. అక్కడున్న నలుగురమూ వంగి చూశాము. నోరెత్తి ఎవరూ వరద అనలేదు.

స్తంభం మీది తొడుగు విప్పితే గొట్టం దాని మొదలు నుంచి వూడి వున్నది. ఆకులో దుమ్మో అడ్డుపడి వుంటే అది మన శుభ్రతలోపం అనేవారు. వూడినది బిగింపులోపం గనుక పూచీ కిందకు వచ్చింది. కార్పెట్టు కింద దళసరి స్పంజి వుంటుంది. అది నీళ్ళు పీల్చి నెలల తరబడి వదలదు. దాని కిందే వైర్ల కట్టలు. కనుక పైపైన ఆరబెడితే లాభం లేదని పట్టుబట్టి సీటు తీయించి స్పంజి కూడా ఎండబెట్టించాను.

ఒక మాట చెప్పాలి. నిజంగా వరదలో మునిగితే దిగులు పడనక్కరలేదు. సమగ్ర బీమా వున్నవారికి తుపానూ వరదా దాని కిందకే వస్తాయి. అయితే నీళ్ళలో వున్న బండిని స్టార్టు చేసి యింజను విరగ్గొట్టుకుంటే, యింజను రక్షణ అని అదనపు ప్రీమియం కట్టనివారికి మామూలు పాలసీలో సొమ్ము రాదు. తాళం ముట్టుకోకుండా లాగించుకుపోవడమే మేలు.

మిగిలినవాటికి డిసెంబరు 9న మరొక కార్డు రాయించాను. ఈసారి ఆ కుర్రవాడే, "మీరు చెప్పండి సార్, మీ మాటల్లోనే రాస్తాను" అని నవ్వాడు. స్టీరింగులో టక్కుమనే చప్పుడు వాళ్ళ నున్నటి గచ్చు మీద వినిపించదు గనుక, టెక్నీషియనును పక్కన కూర్చోబెట్టుకుని గతుకుల దారికి తీసుకుపోయి వినిపించాను. స్టీరింగు కింది జాయింటు షాఫ్టు మార్చారు. ఛాసిస్ మీది 17 అక్షరాలూ అంకెలూ యిచ్చి, కంపెనీ తనంతట తాను వెనక్కి పిలిచి బాగుచేయవలసిన లోపాలేమైనా యీ బండికి బాకీ వున్నాయా అని కూడా అడిగాను. ఏమీ లేవన్నారు. అదీ కార్డు మీద రాయించాను. అప్పటికీ మాట తెగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ ఫోను 1915 వున్నది. అది నాకు అవసరపడలేదు.

డబ్బు కట్టి పూచీని మరి రెండేళ్ళు పొడిగించుకోవచ్చునన్నారు. చాలా కంపెనీల్లో మొదటి గడువు తీరకముందే కట్టాలి. టర్బో, డీజిలు పంపు, మసి జల్లెడ వంటివాటి ఖరీదులు కనుక్కుని, యింట్లో ముగ్గురం కూర్చుని లెక్కవేసి, డిసెంబరు 12న కట్టాము. ఊరికే వూళ్ళో తిరిగే చిన్న పెట్రోలు కారైతే నేను కట్టేవాణ్ణి కాను.

షాకబ్జార్బరు స్టాకు లేదు. జనవరి 6న వచ్చింది. పాత గడువు తీరి అప్పటికి మూడు వారాలు దాటినా, ఫిర్యాదు తేదీ డిసెంబరు 9 గనుక ఉచితంగానే వేశారు. బ్రేకు ప్యాడ్లకు మాత్రం డబ్బు మేమే కట్టాము. అవి అరిగేవాటి జాబితాలో వున్నాయి గదా.